బౌడన్ దొరగారి ఊరి నుంచి ఒక పగటి నడక

నది వట్టిపోయినట్టుంది. ఇంగ్లండు నైరుతి మూలన, ఉత్తర డెవన్ ప్రాంతంలోని బార్న్‌స్టేపుల్ పట్టణంలో, పదహారు కమానుల పాత రాతి వంతెన మీద ఉదయం తొమ్మిది గంటలకు నిలబడి కిందికి చూశాము. టా నది వెడల్పు చాలానే ఉంది గాని మధ్యలో సన్నని పాయ తప్ప అటూ ఇటూ అంతా మెరిసే బురద. పడవలు పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాయి. వేసవిలో మన గోదావరి కాలువలు కట్టేసినప్పుడు కనిపించే దృశ్యం గుర్తొచ్చింది.

"ఇప్పుడు ఆటు నాన్నా. మధ్యాహ్నం మూడు దాటాక చూడండి, ఒడ్డు నిండా నీళ్లుంటాయి" అంది మా అమ్మాయి. బ్రిస్టల్‌లో నర్సుగా పనిచేస్తోంది. మేము దంపతులం దాని దగ్గర రెండు నెలలు ఉండి రావడానికి వెళ్లాము. లండన్ చూపిస్తానంది, కోటలు చూపిస్తానంది. మేము అడిగింది మాత్రం బార్న్‌స్టేపుల్. అల్లుడుగారు నవ్వారు. ఇండియా నుంచి వచ్చిన వాళ్లెవరూ ఆ పేరు అడగగా ఆయన వినలేదట.

నరసాపురం, పాలకొల్లు వైపు పుట్టి, బ్రదరెన్ సహవాసంలో పెరిగిన వాళ్లకు ఆ పేరు కొత్తది కాదు. విలియం బౌడన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యౌవనస్థులు తమ భార్యలతో కలిసి 1836లో ఈ ఊరి నుంచే బయలుదేరి మన తీరానికి వచ్చారు. వారిని తీసుకొచ్చిన వాడు ఆంథోని నారిస్ గ్రోవ్స్. పళ్ల వైద్యుడిగా మంచి సంపాదన ఉండగా అంతా వదులుకొని బాగ్దాదు వెళ్లి, అక్కడ 1831 నాటి ప్లేగులో భార్యను పోగొట్టుకున్న దైవజనుడు. బౌడన్, బీర్ గార్లు గొప్ప చదువులు చదివినవారు కారు, చేతిపనులతో బతికినవారు. వెనుక పెద్ద మిషనరీ సొసైటీ లేదు, నెలనెలా జీతమిస్తామన్న మాట లేదు. సూయజ్ కాలువ ఇంకా తవ్వలేదు గనుక ఓడ ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలి. మొదట మచిలీపట్నం, తర్వాత నరసాపురం, పాలకొల్లు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847 నుంచి 1852 వరకు సాగినప్పుడు, అక్కడ రాళ్లు మోసే కూలీల మధ్య కూడా బౌడన్ గారు సువార్త ప్రకటించారు. ఈనాటికీ మన పెద్దవాళ్లు ఆయనను బౌడన్ దొరగారనే అంటారు. మా ముత్తాతగారు వినగా మారిన సువార్త ఆ పరంపరలోనిదే.

అలా ఆ ఊరు చూడాలన్నది మా ఇద్దరి కోరిక. నడక మాత్రం అమ్మాయి ఆలోచన.

అక్కడ సముద్రపు ఒడ్డు వెంట మైన్‌హెడ్ అనే ఊరి నుంచి పూల్ రేవు వరకు 630 మైళ్ల కాలిబాట ఉంది. కిలోమీటర్లలో వెయ్యికి పైనే. పూర్వం దొంగసరుకు దించేవాళ్లను పట్టుకోవడానికి తీరం కావలివాళ్లు ప్రతి మలుపూ చూసుకుంటూ తిరిగిన దారులే ఇప్పుడు జనం సెలవుల్లో నడిచే దారులయ్యాయి. మొత్తం నడిచేవారు ఎక్కే ఎత్తులన్నీ కూడితే ఎవరెస్టును నాలుగుసార్లు ఎక్కినంత అవుతుందట! భయపడకండి, మేము నడిచింది అందులో ఒక్క రోజు ముక్క, అదీ చదునైనది. బార్న్‌స్టేపుల్ నుంచి ఇన్‌స్టో అనే తీరపు పల్లె వరకు ఆరేడు మైళ్లు. ఒకప్పటి రైలుమార్గం అది. 1965లో ప్రయాణికుల బళ్లు ఆగిపోయాయి, 1982లో గూడ్సు కూడా ఆగింది. పట్టాలు తీసేసి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఇచ్చేశారు. దారి పొడుగునా గుంజల మీద ఓక్ చెట్టు కాయ బొమ్మ ఉంటుంది. అది కనిపిస్తే తప్పిపోలేదన్నమాట.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఊళ్లో న్యూ బిల్డింగ్స్ స్ట్రీట్ అనే ఇరుకు వీధి చూసి వచ్చాము. పేరులో కొత్తదనమే గాని చాలా పాతది. గోడకు గోడ ఆనుకున్న చిన్న ఇళ్ల వరుస. అందులో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు గనుక తలుపులు తట్టలేదు, వీధిలో నిలబడి చూశాము. బౌడన్, బీర్ గార్ల కాలంలో ఊళ్లోని సంఘానికి కాపరిగా ఉన్న రాబర్ట్ చాప్‌మన్ నివసించిన వీధి అది. ధనిక వర్తకుని కుమారుడు, లండన్‌లో న్యాయవాది. 1832లో వృత్తి వదిలి ఇక్కడికి వచ్చాడు. లేసు మిల్లులో పనిచేసే కూలీలుండే పేటనే కోరి ఎంచుకున్నాడు. దైవసేవకులెవరు వచ్చినా తన దగ్గర దింపుకొని, రాత్రి వాళ్లు పడుకున్నాక వాళ్ల బూట్లు తానే తుడిచి పెట్టేవాడట. 1902లో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో, ఈ ఊళ్లోనే కన్నుమూశాడు.

లేసు మిల్లు అనగానే మా ఇంటావిడ ఆగిపోయింది. ఆవిడ తల్లి, అమ్మమ్మ నరసాపురం లేసు అల్లిన చేతులు. మన వైపు ఆ అల్లిక మిషనరీల ద్వారానే వచ్చిందని అందరికీ తెలుసు. ఇక్కడ యంత్రం, అక్కడ చేతిసూది. ఏ లేసూ అల్లినవాళ్లను మేడల్లో కూర్చోబెట్టలేదు అంది.

సరే, నడక సంగతికి వస్తాము.

వంతెన దాటి ఎడమగట్టున పడమరకు తిరిగాము. మొదటి మైలు ఇళ్ల మధ్య, తర్వాత 2007లో కట్టిన కొత్త వంతెన కింద నుంచి. ఆ పైన ఒక్కసారిగా ఊరు వెనకబడింది. కుడిచేతి వైపు నది, ఎడమవైపు పచ్చిక, మధ్యలో కరకట్ట మీద మేము. గాలి ఎదురుగా కొడుతోంది. సైకిలు మీద వచ్చే ప్రతివారూ దూరం నుంచే గంట కొట్టి, దాటేటప్పుడు పలకరించి వెళ్తున్నారు. మొదట మాకు తెలిసినవారెవరో అనుకున్నాము! బురద మీద తెల్లకొంగలు అచ్చం కొల్లేటి కొంగల్లాగే ఉన్నాయి. ఈ చిన్న తెల్లకొంగ ఈ దేశంలో మొదట గూడు కట్టింది 1996లోనేనట. పొడవాటి వంకర ముక్కుతో బురదలో పొడుచుకు తినే గోధుమరంగు పిట్ట ఒకటి ఉండి ఉండి సాగదీసి కూస్తుంది. ఆ కూత విన్నాక చాలాసేపు మేము ముగ్గురం మాట్లాడలేదు.

ఆవిడ మోకాలు గంటన్నరకే మొండికేసింది. మేము వేసుకున్న కొత్త బూట్లు మడమ దగ్గర ఒరుసుకున్నాయి. అందుకే ఫ్రెమింగ్‌టన్ రేవు కనపడగానే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాము. ఒకప్పుడు ఇక్కడ బొగ్గు దిగేది, తెల్లబంకమట్టి ఎక్కేది. రైలు ఇక్కడిదాకా వచ్చింది 1848లో, అంటే మనవాళ్లు వెళ్లిపోయిన పన్నెండేళ్లకు. ఇప్పుడు పాత స్టేషన్ ఇంట్లో టీ దుకాణం. బయట బెంచీ మీద కూర్చొని తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరిచాము. టీ మాత్రం వాళ్లదే కొన్నాము, ఊరికే వాళ్ల బెంచీ వాడుకోవడం బాగుండదని.

అక్కడే అమ్మాయి చాప్‌మన్ జీవిత చరిత్ర తీసి చదివింది. చదువుతూ ఇంగ్లీషు నుంచి వాళ్లమ్మకు తెలుగులో చెబుతోంది. చాప్‌మన్ కాపరిగా వచ్చిన మందిరం పేరు ఎబినేజరు. బాప్తిస్టుల మందిరం. ఆయన బోధ వల్ల సంఘ పద్ధతులు మెల్లగా మారాయి. ఆయన ఎవరినీ తొందరపెట్టలేదు, అందరూ ఒక మనస్సుకు వచ్చేదాకా ఆగాడు. అయినా కొందరికి నచ్చక బయటికి వెళ్లిపోయారు. వెళ్లినవారు ఊరుకోలేదు. కట్టడం పాత పద్ధతివాళ్లదే, మీరే ఖాళీ చేయండి అన్నారు. చాప్‌మన్ దస్తావేజు తీసి చూశాడు. మరిచిపోకండి, ఆయన న్యాయవాది. దస్తావేజులోని షరతు ఏదీ తాము మీరలేదని తేలింది. మందిరం వదలనక్కరలేదు.

"మరి?" అంది వాళ్లమ్మ.

"ఇచ్చేశారమ్మా."

"ఎవరికి?"

"వెళ్లిపోయిన వాళ్లకే. వీళ్లంతా బయటికొచ్చేశారు. కొన్నాళ్లు వేరే చోట్ల కూడుకొని, తర్వాత ఊళ్లోనే ఇంకో మందిరం కట్టుకున్నారు."

బౌడన్, బీర్ గార్లు మన దేశం చేరిన దశాబ్దంలోనే ఇది జరిగింది. తమను సాగనంపిన సంఘం మందిరం లేకుండా మిగిలిందన్న కబురు, ఓడ మీద నెలల తరబడి ప్రయాణం చేసి, నరసాపురంలో వాళ్లకు అందే ఉంటుంది.

పులిహోర చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు మా సంగతి చెప్పక తప్పదు.

మా మందిరం గోదావరి జిల్లాలో ఒక ఊళ్లో ఉంది. ఊరి పేరు వద్దు. ఆరేళ్ల కిందట సంఘం రెండుగా చీలింది. సిద్ధాంతం మీద చీలి ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. కార్యదర్శి ఎవరు, లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుండాలి, రోడ్డు వైపు రెండు కొట్లు కట్టి అద్దెకివ్వాలా వద్దా అన్నది తగాదా. అవతలి పక్షానికి పెద్ద మా ఇంటావిడ సొంత అన్నగారు. మా పక్షానికి పెద్దరికం మాది. కోర్టుకు ముందుగా వెళ్లింది మేమే, ఇంజక్షన్ తెచ్చుకున్నదీ మేమే. ఆ ఆరేళ్లూ తాళంచెవి మా జేబులోనే ఉంది. బ్రిస్టల్ వచ్చేటప్పుడు ఎవరికీ అప్పగించాలనిపించక, ఇంటి తాళాల గుత్తితో పాటు అదీ తెచ్చేశాము. ఆదివారం ఉదయం ఒక తమ్ముడు మారు తాళంచెవితో తెరుస్తాడు. అసలుది మాత్రం ఇక్కడ, చొక్కా జేబులో, ఆ బెంచీ మీద.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక అవ్వ ప్రభునందు నిద్రించింది. నలభై ఏళ్లు మా మందిరం ఊడ్చిన మనిషి. లేసు అల్లి బతికింది, కానుకల పెట్టెలో వేసేది గట్టిగా మడిచిన పది రూపాయల నోటు. కొడుకు అటు పక్షం గనుక ఆమె కూడా అటే వెళ్లింది. సమాధి ఆరాధన మందిరంలో జరిపిస్తామని వాళ్లు అడిగారు. ఒక్క గంట. ప్లీడరుగారిని అడిగితే, ఒకసారి ఒప్పుకుంటే స్వాధీనం విషయంలో కేసు బలహీనపడుతుందన్నారు. కుదరదని చెప్పి పంపాము. వాళ్లు పెట్టెను గేటు ముందు రోడ్డు మీద పది నిమిషాలు దించి, వర్షంలో ఒక పాట పాడి, సమాధుల తోటకు తీసుకుపోయారు. మేము ఎదురింటి అరుగు మీద నుంచి చూశాము. ఆ రాత్రి ఆవిడ మాకు అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. ఇంతవరకూ ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎత్తలేదు.

బెంచీ మీద కూడా ఎత్తలేదు. అమ్మాయి ఫోను మూసి, "వెళ్దామా?" అంది.

ఫ్రెమింగ్‌టన్ తర్వాత ఇనుప వంతెన ఒకటి దాటాలి. దాని కింద చిన్న పాయలోకి అప్పుడే నీళ్లు వస్తున్నాయి. నది పారే దిక్కుకు ఎదురుగా, సముద్రం వైపు నుంచి లోపలికి. అంతర్వేది దగ్గర పోటు చూసిన వాళ్లమే అయినా ఇంత వేగం ఎరగము. ఈ తీరంలో పెద్ద పోటు నాడు ఆటుకూ పోటుకూ మధ్య తేడా దాదాపు ఏడు మీటర్లు, అంటే రెండంతస్తుల ఇల్లు. శబ్దం లేదు. బురద మీద గీతల్లాంటి కాలువలు ముందు నిండాయి, తర్వాత వాటి అంచులు కరిగాయి. పిట్టలు ఒక్కో అడుగే వెనక్కి జరిగాయి.

ఆ దారి పొడుగునా మాలో మేము వాదించుకున్నాము. మాదీ అన్యాయపు పట్టు కాదు గదా? మా పక్షంలో మందిరం గోడకు ఇటుక ఇటుకా మోసినవాళ్లున్నారు. అది మా ఒక్కరి చొక్కానా, అడిగినవాడికి ఇచ్చేయడానికి? పైగా మన రాష్ట్రాల్లో మిషను భూములు, చివరకు సమాధుల తోటలు కూడా అమ్ముకునేవారున్నారు. అటువంటి చోట కోర్టుకు వెళ్లకపోవడం భక్తి కాదు, పిరికితనం. ఆ మాట ఇప్పటికీ అంటాము. అయితే మా ఊళ్లో ఎవరూ ఏదీ అమ్మలేదు. రెండు కొట్లు కడదామన్నారు, అంతే.

ఆదికాండము 26లో ఇస్సాకు సంగతి పాఠకులకు తెలుసు. గెరారు లోయలో తన దాసులు తవ్విన బావి. కాపరులు వచ్చి ఈ నీళ్లు మావేనన్నారు. దానికి ఏశెకు అని, అంటే జగడమని పేరు పెట్టి కదిలాడు. రెండోది శిత్నా, విరోధం. దానినీ వదిలాడు. మూడో దానికి ఎవరూ రాలేదు, అది రహెబోతు. ఈ భాగం మీద మేము పది పన్నెండుసార్లయినా ప్రసంగించి ఉంటాము. ప్రతిసారీ మూడో బావి మీదనే చెప్పాము, దేవుడు విశాలత ఇస్తాడని. మొదటి రెండు బావులు తవ్విన దాసుల చేతులు ఎలా బొబ్బలెక్కి ఉంటాయో, యజమాని పదండి అన్నప్పుడు వాళ్లు ఏమనుకొని ఉంటారో ఒక్కసారీ చెప్పలేదు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయమైతే ఈ ఆరేళ్లలో మా వేదిక మీద ఎవరూ తెరవలేదు. అవతలివాళ్ల షెడ్డులో కూడా తెరచి ఉండరు.

దారిలో అమ్మాయి ఇంకొకటి చెప్పింది. చాప్‌మన్ వీధిలో ప్రసంగిస్తుంటే ఒక కిరాణా వర్తకుడు కోపం పట్టలేక మీద ఉమ్మేశాడట. కొన్నాళ్లకు ధనవంతుడైన బంధువు ఒకాయన వచ్చి, ఇంటికి సరుకులు కొనిస్తానన్నాడు. కొంటే ఫలానా కొట్లోనే కొనాలన్నాడు చాప్‌మన్. ఆ వర్తకుని కొట్లోనే. పెద్ద బేరం. సరుకులు ఎవరింటికి చేర్చాలో విన్న వర్తకుడు అది మా కొట్లోదై ఉండదు, పొరపాటు పడ్డారన్నాడట. పొరపాటు కాదు, ఆయనే ఇక్కడికి పంపారని తెలిశాక, వెళ్లి క్షమాపణ అడిగి ప్రభువును అంగీకరించాడట.

"మన అన్నయ్య ఉమ్మలేదు" అంది మా ఇంటావిడ. రెండేళ్లలో ఆ వైపు మాట అదే మొదటిది.

ఇన్‌స్టో చేరేసరికి మూడున్నర. ఊరి మొదట్లో 1873 నాటి రైలు సిగ్నల్ క్యాబిన్‌ను అలాగే ఉంచారు. దాని పక్కనుంచి దిగితే ఇసుకతీరం. టా నదీ టోరిడ్జ్ నదీ కలిసి సముద్రంలోకి వెళ్లేది అక్కడికి దగ్గర్లోనే. అమ్మాయి అన్నట్టే నీళ్లు ఒడ్డు నిండా ఉన్నాయి, పొద్దున ఒరిగి పడుకున్న లాంటి పడవలే నిటారుగా తేలుతున్నాయి. ఎదుటి ఒడ్డున ఓడలు కట్టే ఆపిల్‌డోర్ ఊరు. వేసవి నెలల్లో పోటు పైకొచ్చిన కొద్ది గంటలు మాత్రమే చిన్న పడవ అటూ ఇటూ తిరుగుతుంది. అది నడిపేది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. తర్వాత దాటాలంటే బిడెఫర్డ్ వంతెన మీదుగా చుట్టూ తిరిగి నడవాల్సిందే.

అమ్మాయి, వాళ్లమ్మ బూట్లు విప్పి నీళ్లలోకి వెళ్లారు. మేము ఇసుక మీద కూర్చొని ఫోను తీశాము. అక్కడ రాత్రి తొమ్మిది దాటి ఉంటుంది, భోజనాలయ్యే వేళ. ఆరేళ్లలో ఆ నంబరుకు మేము చేసింది లేదు. ఎత్తరనుకున్నాము.

"ఏం బావగారూ, ఇంత రాత్రప్పుడు? చెల్లి బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నీళ్లలో ఆడుకుంటోంది."

అవతల నవ్వు వినబడింది. తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. ఆ అవ్వ కొడుకు ఎలా ఉన్నాడని అడిగాము. బాగానే ఉన్నాడు, మొన్ననే ఆటో కొన్నాడు అన్నారాయన. ఆ రోజు గేటు తీయకపోవడం తప్పు అని చెప్పాము. అనుకున్న మాట ఇంకా పెద్దది, నోటికి వచ్చింది అంతే. ఆయన కాసేపు ఆగి, "ప్లీడరుగారికి తెలిస్తే ఒప్పుకోడేమో" అన్నారు. వెక్కిరింపో, భయమో తెలియలేదు.

"ఆయనకు చెప్పలేదు, మీకే చెబుతున్నాము" అన్నాము.

"సరే. వచ్చాక ఇంటికి రండి. భోజనం ఇక్కడే."

ఊరికి వచ్చాక ఆయనింట్లో భోజనం చేశాము. తర్వాత మా పక్షం పెద్దలను కూర్చోబెట్టి చాప్‌మన్ సంగతంతా చెప్పి, కేసు ఉపసంహరించుకుందామన్నాము. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఇంకొకరు, బార్న్‌స్టేపుల్ వేరు, మన ఊరు వేరు అన్నారు. కేసు ఇంకా ఉంది, వచ్చే నెల వాయిదా. ఒక్కటి మాత్రం ఇరుపక్షాలూ కాగితం మీద రాసుకున్నాము. పెళ్లికీ, సమాధి ఆరాధనకూ మందిరం తలుపు ఎవరడిగినా తీయాలి. మొన్న శనివారం ఆ అవ్వ మనుమరాలి పెళ్లి మందిరంలో జరిగింది. తాళం తీసి, ముందురోజు సాయంత్రం మేమిద్దరమే ఊడ్చాము.